తెరుచుకోని డాలు

కొత్తచెరువు చుట్టుపక్కల చేను గట్టున అడవి ఆముదం కంచె ఉంటే, వానలు పడ్డ నెలల్లో దాని కాయల మీద ఓ చూపు వేయాలి. ఆకుపచ్చగా తళతళలాడుతూ, వీపున నల్ల మచ్చలున్న పురుగులు గుంపుగా దొరకవచ్చు. చూసినవాళ్లు చాలామంది పెంకు పురుగులే అనుకుంటారు. కావు. ఇవి నల్లుల జాతికి చెందిన డాలు నల్లులు. వీటికి కొరికే దవడలుండవు, గుచ్చి రసం పీల్చే ముక్కు ఉంటుంది.

తేడా వీపు మీదే తెలిసిపోతుంది. పెంకు పురుగు వీపు నడిమధ్య నిలువుగా ఓ గీత ఉంటుంది. ఎగరబోయే ముందు అక్కడే పెంకులు విడిపోతాయి, ఆ పెంకులే దాని ముందు రెక్కలు. ఈ నల్లికి ఆ గీత లేదు. పైకప్పంతా ఒకే పలక. అది రొమ్ము భాగంలో పుట్టి, వెనక్కి సాగి పొట్టనంతా కమ్మేసిన డాలు. రెక్కలు దాని కిందే మడిచి ఉంటాయి.

మరి అతుకే లేని మూత కింద నుంచి ఎగిరేదెలా? డాలు అసలు కదలదు. దాని రెండు అంచుల కింద నుంచి రెక్కలు పక్కలకు జారి బయటికొస్తాయి. ముందు రెక్క అడుగున చిన్న కొక్కెం ఉంటుంది, వెనక రెక్క అంచు దానికి తగులుకుంటుంది. అంతే, నాలుగు రెక్కలూ రెండింటిలా కొట్టుకుంటాయి.

కందిచేలో తిరిగే పచ్చ నల్లిది మరో తీరు. 1758లోనే లిన్నేయస్ వర్ణించిన ఈ నెజారా విరిడ్యులాకు డాలు పొట్టి, వీపు నడుమ ముక్కోణం మాత్రమే. మిగతా వీపంతా రెక్కలే. ముందు రెక్క మొదటి సగం బిరుసుగా, కొస సగం ఉల్లిపొరలా ఉంటుంది. వాలినప్పుడు ఆ పొరలు ఒకదానిమీదొకటి పడుకుంటాయి.

ఈ మెట్ట నేలలో ఆ రెక్కలే దానికి బతుకు. వాన ఆధారం మీద వేసిన శెనక్కాయ పీకేశాక చేలో మిగిలేది కంది సాళ్లే. ఒక పైరు ఎండితే మరో పచ్చదనం వెతుక్కుంటూ ఎగిరిపోవాలి. లేత కాయల్లోకి ముక్కు దించి పీలుస్తుంది, గింజలు ముడుచుకుపోతాయి.

కానీ రెక్కలు పుట్టుకతో రావు. గుడ్డు పగిలాక పిల్లలు ఐదు దశలు దాటాలి. చివరి దశల్లో భుజాల దగ్గర రెక్కల మొలకలు కనిపిస్తాయి, ఆఖరి కుబుసం విడిచాకే అవి నిండు రెక్కలవుతాయి. కంపు గ్రంథులు కూడా దీనికి తగ్గట్టే మారడం విశేషం. పిల్లలకు అవి వీపు మీద తెరుచుకుంటాయి. పెద్దవాటికి వీపును రెక్కలు కప్పేస్తాయి కాబట్టి, కాళ్ల మొదళ్ల దగ్గర, అడుగు వైపున తెరుచుకుంటాయి.

రైతుకు పనికొచ్చే సంగతీ ఇక్కడే ఉంది. ఆకు అడుగున గుంపుగా, వరసల్లో పెట్టిన గుడ్లు పగిలాక తొలి దశ పిల్లలు ఆ పెంకుల చుట్టూనే మూగి ఉంటాయి, ఏమీ తినవు. ఆ ఆకును తుంచి నీళ్లలో ముంచితే ఒక్కటీ ఎగిరిపోలేదు.