నేను చేసిన ఇంగ్లీషు లిపి

ఇంగ్లీషు స్పెల్లింగు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ‘కట్’కీ యు, ‘పుట్’కీ యు. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ వచ్చేస్తే పిల్లాడు ఏ కాగితమిచ్చినా చదివేస్తాడు. ఇంగ్లీషులో 26 అక్షరాలూ వచ్చాకే అసలు అవస్థ మొదలవుతుంది. ట్యూషన్లు చెప్పే రోజుల్లో స్పెల్లింగుల దగ్గర పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకోవడం చూడలేక, ఇంగ్లీషును పలికినట్టే రాసే లిపి ఒకటి నేనే తయారుచేశాను.

తెలుగు అక్షరాలే తీసుకున్నాను. ఎ-ఏ, ఒ-ఓ మనకు విడివిడిగా ఉన్నాయి కనుక కొంత పని ముందే అయిపోయింది. పడమరకీ లోపల తొడిగే బనియనుకీ మన రాతలో ‘వెస్ట్’ ఒక్కటే. పడమర ‘వ’ కింద చుక్క పెట్టి విడదీశాను. ‘ఎబౌట్’ మొదట్లో వినీ వినపడని అచ్చుకి చిన్న సున్న. పిల్లలు చూస్తుండగానే పేజీలకు పేజీలు చదివేశారు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఒకరోజు ఓ కుర్రాడు ‘వాటర్’ని ‘వాడర్’ అని రాశాడు. ఎర్రసిరాతో కొట్టేశాను. “మా అక్క అమెరికా నుంచి ఫోన్‌లో అలాగే అంటుంది సార్” అన్నాడు. విన్నది విన్నట్టు రాయమన్నది నేనే, వాడు రాసిందీ అదే. అది తప్పనడానికి నా దగ్గరున్న ఆధారమల్లా నా ఉచ్చారణ. ‘కార్’ చివర రకారాన్ని లండన్‌లో చాలామంది పలకరు, అమెరికాలో ఎక్కువమంది పలుకుతారు, మనం గట్టిగా పలుకుతాం. పలికినట్టు రాయాలంటే ఎవరు పలికినట్టు?

ఈ చిక్కు బెర్నార్డ్ షాకీ ఎదురైంది. కొత్త లిపికి వీలునామాలో డబ్బు కేటాయిస్తూ, ఐదో జార్జి రాజు పలుకుబడిని పోలినదాన్ని ఆధారం చేసుకోమని రాశాడు. కింగ్స్‌లీ రీడ్ రూపొందించిన ఆ లిపిలో షా నాటకం ‘ఆండ్రోకిల్స్ అండ్ ది లయన్’ 1962లో అచ్చయింది. అక్షరాలు ముచ్చటగా ఉంటాయి. కానీ టెక్సస్‌లో పిల్లలూ తెనాలిలో పిల్లలూ రాజుగారిలా మాట్లాడరు కదా. ఇప్పుడున్న స్పెల్లింగును మాత్రం ఎవరి యాసలో వాళ్లు చదువుకుంటున్నారు. దాని విలువ నాకు ‘వాడర్’ దగ్గరే తెలియాల్సింది.

నేను ఆగలేదు. నా లిపిలో ‘ఫోటోగ్రాఫ్’, ‘ఫటాగ్రఫీ’ రెండు వేరే మాటల్లా తయారయ్యాయి. ‘సైన్’లో పలకని ‘జి’ని తీసేశాక, ‘సిగ్నేచర్’ దాని చుట్టమని పిల్లలకు కనిపించే దారే లేకపోయింది.

చివరికి ఒక అమ్మాయి బడి పరీక్ష పేపరు తెచ్చి చూపించింది. రాత్రికి ఎన్-ఎ-ఐ-టి, మోకాలికి ఎన్-ఐ. జవాబులన్నీ సరైనవే, మార్కులు మాత్రం పోయాయి. నా నోటుపుస్తకం గడగడా చదివే ఆ పిల్ల ఇంగ్లీషు వాచకం తెరిస్తే మొదటి వరుసలోనే ఆగిపోతోంది. నాకు నోట మాట రాలేదు. బ్రిటన్‌లో 1961 నుంచి జేమ్స్ పిట్‌మన్ లిపితో బడుల్లో ఇలాంటి ప్రయత్నమే జరిగింది. పిల్లలు త్వరగా చదవడం నేర్చుకున్నారు; మామూలు స్పెల్లింగుకి మారేటప్పుడు చాలామంది ఇబ్బంది పడ్డారు. పిల్లల చేతికి నా పుస్తకం ఇవ్వకముందే ఇది చదివి ఉండాల్సింది. ఒక్క లిపి నేర్వడానికే అవస్థపడుతున్న పిల్లలకు నేను రెండోది తగిలించాను.

ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వాచకం మళ్లీ మొదటి పాఠం నుంచి చదివించాను. ఇప్పుడు తెలుగు అక్షరాలు మాట పక్కన ఉచ్చారణ చూపడానికే, అదీ పెన్సిల్‌తో. ‘సైన్’ చెప్పిన రోజే ‘సిగ్నేచర్’ కూడా చెబుతాను. ‘డెట్’లో ‘బి’ ఎందుకని అడిగితే, లాటిన్ మూలం కనిపించాలని పండితులు తర్వాత చేర్చారంటాను. ‘ఐలండ్’లో ‘ఎస్’ మాత్రం పొరపాటున వచ్చి చేరింది. ఆ సంగతీ దాచను. పిల్లలు దాని చుట్టూ గీత గీసి గుర్తుపెట్టుకుంటారు.