కంటి రెప్పను తాకితే జారిపోతుందా?

మేము బోడుప్పల్‌లో కాపురముంటున్నాము. 2018లో ఉప్పల్ నుండి నారపల్లి వైపు పైవంతెన పనులు ఆరంభమైన తరువాత ఇక్కడ ఎంత దుమ్ము లేచినదో ఈ దారిన ప్రయాణించినవారికి తెలుసు. బడి నుండి వచ్చిన మా పిల్లలు మొదట చేసే పని కళ్ళు నులుముకొనుట. ఆ రోజులలోనే మా అమ్మగారికి శుక్లము ఆపరేషను జరిగి, రోజుకు పలుమార్లు చుక్కలు వేయవలసివచ్చినది. "మాటిమాటికి రెప్ప లాగితే వదులైపోతుంది, మళ్ళీ బిగుసుకోదు" అని ఇరుగుపొరుగువారు అనుటతో ఆమె చుక్కలంటేనే భయపడసాగినది. ఆ చుక్కలు మానితే కన్ను వాచి, చీము పట్టి, చూపుకే ముప్పు రావచ్చును. అందుచేత డాక్టరుగారినే అడిగి తెలుసుకొన్నాము.

మన శరీరములో అన్నిటికన్నా పలుచని చర్మము కంటి రెప్పదే. దాని మందము ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అయినను సాగి తిరిగి తన చోటికి వచ్చే సన్నని పీచులు అందులో ఉన్నవి. చుక్క వేయుటకు క్రింది రెప్పను కొద్దిగా దించినా, నలుసు తీయుటకు డాక్టరు పై రెప్పను తిరగవేసినా, వదలగానే అది యథాస్థానమునకు వచ్చును. పెద్దవారిలో కాస్త నెమ్మదిగా రావచ్చును, అంతే. దానివలన రెప్ప జారిపోదు. వయసు వలన, ఎండ వలన ఆ పీచులు బలహీనమగుట, రెప్పను ఎత్తే కండరపు పట్టు సడలుట జారుటకు ముఖ్య కారణములు. ఏండ్ల తరబడి గట్టిగా నులుముట, గట్టి కాంటాక్టు లెన్సులను రెప్ప లాగి తీయుచుండుట కూడా ఆ పట్టును సడలింపవచ్చును.

ఈ మాట విన్న తరువాత అమ్మగారు నిర్భయముగా చుక్కలు వేయించుకొన్నారు.

నులుముట వలన రెప్పకన్నా కంటికే ఎక్కువ అపాయము. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర పలుచబడి శంకువువలె ముందుకు పొడుచుకు రావచ్చును. దీనిని కెరటోకోనస్ అంటారు. ఇది తరచుగా యౌవనములో కనబడును. త్వరగా చూపిస్తే పొరను గట్టిపరచు చికిత్స ఉన్నది. ముదిరితే, దానము చేయబడిన నేత్రము నుండి తీసిన పొరను అమర్చవలసి రావచ్చును. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ రెండు చికిత్సలును చేస్తారు.

పిల్లల కళ్ళు దురదపెడితే చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ కళ్ళమీద వేయండి. దురద మానకపోతే డాక్టరుకు చూపించండి. ఒక రెప్ప అకస్మాత్తుగా వాలిపోతే ఆ దినమే ఆసుపత్రికి వెళ్ళండి. అది నరములకు, మెదడుకు సంబంధించిన జబ్బు కావచ్చును.

చుక్కలు వేసే ముందు చేతులు కడుగుకొని, పైకి చూడుమని చెప్పి, క్రింది రెప్పను వేలితో మెల్లగా దించి, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క వేయండి. గుడ్డును నొక్కవద్దు. చెంపమీదికి కారినది మాత్రమే తుడవండి.

పిల్లలు పట్నములకు వెళ్ళిపోగా పల్లెలలో ఒంటరిగా మిగిలిన పెద్దలు మన సంఘములలో అనేకులున్నారు. ఆపరేషను చేయించుకొని వచ్చిన అట్టివారి ఇంటికి పూటపూటకు వెళ్ళి, నాలుగు చుక్కలు వేసి రండి.