కంప్యూటర్‌కి కూడా ఒక పెద్ద జాడీ ఉండాలి

ఆవకాయ కలిపాక మనం రోజూ పెద్ద జాడీలోంచి తీసుకోం కదా. పెద్ద జాడీకి వాసెన కట్టి పై అరలో పెట్టేసి, వాడకానికి చిన్న సీసాలోకి తీసుకుంటాం. ఏ తడి చెయ్యో తగిలి సీసా పాడైనా, ఏడాదికి సరిపడా ఊరగాయ జాడీలో పదిలంగా ఉంటుంది. ఈ సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. అదే కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాలు, పెళ్ళి వీడియోలు అన్నీ ఒక్క డబ్బాలోనే ఉంచుకుని నిశ్చింతగా నిద్రపోతాం.

మా ఇంట్లో ఆ డబ్బా మా మామయ్యగారిది. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక, చిలకలగూడలో ఒక డీటీపీ సెంటర్‌లో కూర్చుని అను ఫాంట్లలో తెలుగు టైపు చెయ్యడం నేర్చుకున్నారు. కాజీపేట, డోర్నకల్, లాలాగూడ... తాను పనిచేసిన చోట్లన్నిటి గురించీ నూట నలభై పేజీలు రాసుకున్నారు. అచ్చు వేయించాలన్న కోరిక తీరకుండానే వెళ్ళిపోయారు. ఆ పేజీల ప్రింటు తీసింది కూడా లేదు.

పోయిన నెల ఆ కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. పార్క్‌లేన్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు విని, "హార్డ్ డిస్కు పోయేలా ఉంది మేడమ్. కొత్తది వేసి విండోస్ మళ్ళీ ఎక్కించేద్దాం" అన్నాడు. "మరి ఇందులో ఉన్నవో?" అన్నాను. "ముఖ్యమైనవి పెన్ డ్రైవ్‌లో కాపీ చేసుకోండి" అన్నాడు. మావారు కూడా, "నాన్న ఫైళ్ళు నాలుగు కాపీ చేస్తే సరిపోదూ?" అన్నారు.

సరిపోదని నాకు ముందే తెలుసు. రెండేళ్ళ కిందట మా అబ్బాయి పుణె వెళ్తూ తాతగారి ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్ళాడు. వాడి లాప్‌టాప్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా వచ్చాయి. కారణం చిన్నదే. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కల్ని కూర్చోబెడతాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో 'క' కనిపిస్తుంది, లేని చోట దాని కిందున్న ఇంగ్లీషు గుర్తు బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, డీటీపీ వాళ్ళు చాలా ఏళ్ళు పాత ఫాంట్లతోనే నడిపించారు. అందుకే మామయ్యగారి రాతకి ఫైలు ఒక్కటీ ఉంటే చాలదు, ఆ ఫాంట్లు, ఆ కీబోర్డు సాఫ్ట్‌వేరు, ఆయన పెట్టుకున్న అమరిక అన్నీ ఉండాలి.

ఇదంతా ఫోన్‌లో చెబితే మా అబ్బాయి, "అలా అయితే ఫైళ్ళు కాదమ్మా, మొత్తం సిస్టమ్ ఇమేజ్ తియ్యి" అన్నాడు. ఇమేజ్ అంటే బొమ్మ కాదు. ఫైళ్ళు కాపీ చెయ్యడమంటే ఇల్లు మారుతూ బీరువాలో చీరలు మాత్రం సర్దుకెళ్ళడం. ఇమేజ్ అంటే ఇంటికి ఇల్లే, గోడ మేకుకి వేలాడుతున్న క్యాలెండర్‌తో సహా, ఉన్నదున్నట్టు ఎత్తి ఇంకో చోట పెట్టడం. విండోస్, ప్రోగ్రాములు, ఫాంట్లు, ఫైళ్ళు అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

మా వంటి వాళ్ళు ఇంకెవరైనా ఉంటారని, నేను చేసిన పద్ధతి రాస్తున్నాను. అయిదు వేల చిల్లర పెట్టి ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొన్నాను. అది ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి, లేకపోతే విండోస్ ఒప్పుకోదు. మాది విండోస్ 10. కంట్రోల్ ప్యానెల్‌లో 'బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)' అని ఉంటుంది. 7 అని చూసి మనది కాదేమో అనుకోకండి, అదే. తెరిస్తే ఎడమ పక్కన 'క్రియేట్ ఎ సిస్టమ్ ఇమేజ్' అన్న వరుస కనిపిస్తుంది. ఎక్కడ దాచాలని అడిగితే కొత్త డిస్కుని చూపించి, మొదలుపెట్టమనడమే. విండోస్‌కి అవసరమైన భాగాలన్నిటికీ అదే టిక్కు పెట్టుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఈ సదుపాయాన్ని మెరుగుపరచడం 2017లోనే మానేశారు గానీ, విండోస్ 11లో కూడా ఇంకా ఉంది. ఇది నచ్చనివాళ్ళకి క్లోనెజిల్లా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి.

మధ్యలో కరెంటు పోతే కష్టమని యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకున్నాను, కంప్యూటర్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాను. పచ్చగీత నెమ్మదిగా కదులుతుంటే, ఆ టిక్కు టిక్కు వింటూ రెండున్నర గంటలు పక్కనే కూర్చున్నాను. కూర తరుగుతున్నా చెవి అటే ఉంది. ఆ డిస్కు మధ్యలో ఆగిపోతే మళ్ళీ అడగడానికి మామయ్యగారు లేరు కదా. చివరికి పూర్తయిందన్న మాట వచ్చాక గానీ మంచినీళ్ళు తాగలేదు.

ఇమేజ్ ఒక్కటీ ఉంటే చాలదు, దాన్ని వెనక్కి ఎక్కించే తాళంచెవి కూడా ఉండాలి. కంప్యూటర్ అసలు లేవకపోతే దాన్ని లేపడానికి 16 జీబీ పెన్ డ్రైవ్‌తో 'రికవరీ డ్రైవ్' తయారు చేసుకున్నాను. అందులో ముందున్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడండి. డిస్కులో వచ్చిన 'విండోస్ ఇమేజ్ బ్యాకప్' అన్న ఫోల్డరు పేరు మార్చకండి, మారిస్తే తిరిగి ఎక్కించేటప్పుడు కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టదు. ఇమేజ్ ఎక్కిస్తే ఆ డిస్కు మీద అప్పటికున్నవన్నీ పోయి, ఇమేజ్ తీసిన రోజుకి వెళ్ళిపోతాం, అదీ గుర్తుంచుకోండి. మరీ వేరే రకం కంప్యూటర్‌లోకి అది కుదురుకోకపోవచ్చు కూడా.

తీసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి కదా. ఆ ఫోల్డరు లోపల అన్నిటికంటే పెద్ద ఫైలుని రెండుసార్లు నొక్కితే ఇంకో డ్రైవ్‌లా తెరుచుకుంది. అందులో మామయ్యగారి ఫోల్డరు, దాన్లో 'డోర్నకల్ జంక్షన్' అన్న అధ్యాయం. తెరిచాను. అచ్చ తెలుగులో వచ్చింది. అత్తయ్యగారిని పిలిచి నాలుగు వాక్యాలు చదివి వినిపించాను. రాత్రి డ్యూటీకి తాను క్యారేజీ పంపిన సంగతి అందులో ఉంది. ఆవిడ కాసేపు ఊరుకుని, "ఉప్మా కాదమ్మాయ్, ఆ రోజు పంపింది పులిహోర. ఆయన తప్పు రాశారు" అన్నారు. నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. ఆ వాక్యం మాత్రం నేను దిద్దలేదు.

బీఏలో చదువుకున్న సంగతొకటి ఆ రోజు బాగా గుర్తొచ్చింది. సీపీ బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టి, సొంత డబ్బు ఖర్చుపెట్టి, తాటాకుల మీదున్న కావ్యాలకి శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. ఆయన సేకరించినవి ఈనాటికీ చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. తాటాకుకి ఆయువు తక్కువ. ఎవరో ఒకరు తిరగరాస్తేనే ఆ పద్యం ముందుకొచ్చింది, తిరగరాసేవాళ్ళు లేనివి పురుగుల పాలయ్యాయి. హార్డ్ డిస్కు కూడా మన కాలపు తాటాకే అనిపించింది నాకు. ఆ లెక్కన ఇమేజ్ తీస్తే పని సగమే అయినట్టు. ఎవరైనా ఎక్కడైనా చదవగలిగేలా యూనికోడ్‌లోకి తిరగరాయడం మిగతా సగం.

కాపీలు ఎన్నుండాలి అంటే, మూడు ఉండాలంటారు. రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో. 2020 అక్టోబరు వానలకి మన హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయో చూశాం. కంప్యూటరూ, దాని కాపీ ఒకే గదిలో ఉంటే రెండూ ఒకేసారి మునుగుతాయి. అందుకే ఇంకో డిస్కులోకి కూడా తీసి, ఖమ్మంలో మా అక్కకి ఇచ్చాను. మన బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు కూడా అందులో ఉంటాయి కాబట్టి, బంగారంతో పాటు బీరువాలోనే పెట్టమన్నాను.

షాపు కుర్రాడు కొత్త డిస్కు వేసి, నేనిచ్చిన ఇమేజ్ ఎక్కించాడు. తెర మీద మామయ్యగారు పెట్టుకున్న వేంకటేశ్వరస్వామి పటం, దాని పక్కన ఆయన ఫోల్డర్లు, అన్నీ ఎక్కడివక్కడే వచ్చాయి. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం అందరూ భోంచేశాక రెండు పేజీలు యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. మార్చే సాఫ్ట్‌వేరు ఒత్తుల దగ్గర తడబడుతుంది, అవి కంటితో చూసి సరిచెయ్యాలి. అత్తయ్యగారు పక్కన కూర్చుని ఊరి పేర్లు చెబుతున్నారు. ఇవాళ్టికి ముప్ఫై ఒక్క పేజీలయ్యాయి.