పదునేడవ ఎక్కము

ఎక్కములు రాని పిల్లవానిచేత వాటిని ఇరువది మారులు వ్రాయించుట మంచి పద్ధతి యని నేను చాలకాలము నమ్మియుంటిని. నా చిన్నతనమున నాచేతను అట్లే వ్రాయించిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నాకు పాఠము చెప్పిన పెద్దలు మాత్రము, అభ్యాసము వేఱు, ఊరక తిరిగి చేయుట వేఱు అని ఒకటి రెండు పర్యాయములు హెచ్చరించిరి. నేను ఆ మాటను నోటుపుస్తకములో ఎక్కించుకొని, పరీక్షయందు వ్రాసి, మార్కులు తెచ్చుకొని, పిమ్మట మఱచితిని. ఇరువది యేండ్లకు పైగా గణితము బోధించుచు వచ్చిన నాకు ఆ మాటకు అర్థము తెలిపినవారు ఇద్దఱు: ఒక యంత్రమును, ఎనిమిదవ తరగతిలో చివరి బల్లమీద కూర్చుండు ఒక బాలుడును. ఆ సంగతినే ఈ సంచిక చదువరులకు మనవి చేయుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట మన పాఠశాలలో కంప్యూటరు చెప్పు ఉపాధ్యాయులు వేఱొక ఊరికి వెళ్లిపోగా, “మాష్టారూ, మీకు లెక్కలు వచ్చును గదా, ఇదియు లెక్కల వంటిదే” యని ప్రధానోపాధ్యాయులుగారు ఆ పనిని నాకు అప్పగించిరి. కాదనుటకు నాకు నోరు రాలేదు. క్రిస్మసు సెలవులన్నియు మా అమ్మాయి ప్రక్కన కూర్చుండి, ఆమె పాఠ్యపుస్తకమునే ముందు పెట్టుకొని, నలుబది దాటిన వయస్సున మరల ఓనమాలు దిద్దితిని. నేర్చుకొన్నది పైథాన్ అను భాష. గైడో వాన్ రాసమ్ అను డచ్చి దేశస్థుడు దీనిని 1991లో మొదట వెలువరించెను. పేరు వినగానే పిల్లలు కొండచిలువ యనుకొందురు గాని, అది ఆంగ్లేయులైన హాస్యగాండ్ర బృందము పేరునుండి తీసికొన్నది. 2008లో వెలువడిన మూడవ తరము పైథానులో మనము పెట్టుకొను పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. ‘సంఖ్య’ యని వ్రాసినను యంత్రము అంగీకరించును. ఇది చూచిన పిమ్మట నా భయము సగము తీరినది.

పిల్లలకు తొలుత చెప్పవలసిన పెద్ద సంగతి లూపు. లూపు అనగా మన మాటలో మెలిక. యంత్రము పై వరుసనుండి క్రింది వరుసకు ఆజ్ఞలను చదువుకొనుచు పోవును. ఒకచోట దానిని నిలిపి, మరల పైకి మరలించి, అవే ఆజ్ఞలను తిరిగి చేయించుటయే లూపు. పదునేడవ ఎక్కమును తెరమీద చూపుటకు పది ఆజ్ఞలు వ్రాయవచ్చును. వేయి వరకు కావలెనన్న వేయి ఆజ్ఞలు వ్రాయువాడెవడు? లూపునందైనచో రెండు వరుసలు చాలును. పదికిని వేయికిని ఒక అంకె మాత్రమే భేదము.

ఈ యూహ మనము తలచినంత క్రొత్తది కాదు. ఇంగ్లాండునందు చార్లెస్ బాబేజి తలపెట్టిన అనలిటికల్ ఇంజనును గూర్చి ఇటలీవాడైన మెనబ్రియా ఫ్రెంచి భాషలో ఒక వ్యాసము వ్రాసెను. దానిని ఏడా లవ్‌లేస్ అను స్త్రీ ఆంగ్లములోనికి తెచ్చి, 1843లో తన సొంత వివరణములతో ప్రకటించెను. ఆ వివరణములు మూలముకంటె పెద్దవి. చిల్లులు పొడిచిన అట్టలనుబట్టి నడువవలసిన ఆ యంత్రమునందు, ఒకమారు పోయిన అట్టలనే వెనుకకు త్రిప్పి మరల వాడుకొను ఉపాయము అందు వివరింపబడినది. యంత్రము మాత్రము పూర్తి కానేలేదు. లేని యంత్రమునకు పాఠము వ్రాసిన ఆమె ధైర్యమును తలచుకొని, ఉన్న యంత్రము ముందర వణకుచున్న నేను కొంత సిగ్గుపడితిని.

లూపులు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిదాని పేరు ఫర్. ఇది నేను ఉదయమున హాజరుపట్టీ పిలుచుట వంటిది. పట్టీలో నలుబదిరెండు పేర్లున్నచో నలుబదిరెండు పిలుపులు. పట్టీ ముగియగానే పిలుపును ముగియును. ఎన్నిమారులో ముందే తెలిసియుండును. రెండవది వైల్. ఇందు ఎన్నిమారులో ముందు తెలియనక్కఱలేదు. ఒక షరతు నిలిచియున్నంతవరకు చేయుచుండవలెను. మన రేవునకు బైలదిల్లా గనులనుండి కిరండూల్–కొత్తవలస రైలుమార్గమున ఇనుప ఖనిజము వచ్చును. దానిని దింపుచోట వ్యాగనును ఒడిసిపట్టి, బోర్లించి, మరల నిలబెట్టు యంత్రమున్నది. ఆ బండికి ఎన్ని వ్యాగనులు తగిలించిరో దానికి అక్కఱలేదు. ఎదుట వ్యాగను ఉన్నంతవరకు బోర్లించుట దాని పని, లేనప్పుడు ఊరకుండును.

ఫర్ విషయమున పిల్లలందఱును ఒకేచోట తడబడుదురు. రేంజ్ (1, 10) అని వ్రాసినచో యంత్రము ఒకటినుండి తొమ్మిదివరకే పోవును, పదిని తాకదు. పదివరకు కావలెనన్న పదునొకండు వ్రాయవలెను. ఇది యంత్రము తప్పని వారి వాదము. ఓడలమీద పనిచేయు తండ్రులుగల పిల్లలు మన తరగతులలో పలువురు కలరు గనుక నేను వారిని ఇట్లు అడుగుదును: “మీ నాన్నగారికి ఒకటవ తేదీనుండి సెలవు. పదవ తేదీన పనిలో చేరవలెను. ఇంటిలో ఉండునవి ఎన్ని దినములు?” తొమ్మిది యని వెంటనే చెప్పుదురు, కొందఱు కొంచెము దిగులుతోనే.

వైల్ చెప్పిన దినమున తడబడినవాడను నేనే. పెద్ద తెరమీద అందఱకు కనబడునట్లు, పదునేడవ ఎక్కము కొఱకు ఈ మూడు వరుసలు వ్రాసితిని.

సంఖ్య = 1
వైల్ సంఖ్య <= 10:
    ప్రింట్ (17 * సంఖ్య)

మీట నొక్కితిని. తెరమీద 17 కనబడెను. దాని క్రింద 17. దాని క్రింద మరల 17. వర్షాకాలమున చూరునీరు కారినట్లు పదునేడులు కారిపోవుచుండెను. పిల్లలు మొదట నోటికి చేయి అడ్డము పెట్టుకొని, తరువాత బాహాటముగానే నవ్విరి. కంట్రోలు మీటను, సి మీటను కలిపి నొక్కినచో ఆగునని పుస్తకమున చదివియే యుంటిని. ఆ క్షణమున తోచలేదు. గోడమీది స్విచ్చి ఆర్పుటకు చేయి చాచుచుండగా చివరి బల్లనుండి ఒక గొంతు వినబడినది.

“మాష్టారండీ, సంఖ్య అక్కడే ఉండిపోనాదండి.”

ఆ బాలుడు పెదజాలరిపేటవాడు. తాతయు తండ్రియు సముద్రమును నమ్ముకొని బ్రతుకువారు. గణితమున మిక్కిలి వెనుకబడినవాడని వాని ప్రగతి పత్రమున వ్రాసినవాడను నేనే. నీకెట్లు తెలిసినదిరా యని అడుగగా, లేచి నిలుచుండి, ఒడ్డునుండి లాగు అలివి వలను గూర్చి చెప్పెను.

“వల లాగినప్పుడు అందరూ ఐలేసా అంటారండి. అన్నప్పుడల్లా తాడు కొంచెం ఒడ్డుకి రావాలండి. రాకపోతే అడుగున రాయి పట్టేసినట్టండి. అప్పుడు మా తాత కేక ఆపించేసి, ‘ముందు చూడండిరా’ అంటాడండి. మీరు లాగుతున్నారు గాని తాడు రాట్లేదండి.”

తరగతి నిశ్శబ్దమైనది. నేను యంత్రమును ఆపి, వాడు చెప్పినట్లే నాలుగవ వరుసను లోపల చేర్చితిని: సంఖ్య = సంఖ్య + 1. గణితము చెప్పువానికి ఈ వాక్యము మ్రింగుడుపడదు. ఏ సంఖ్యయు తనకంటె తాను ఒకటి ఎక్కువ కానేరదు గదా! ఇచట ఆ గుర్తును ‘సమానము’ అని కాక ‘ఇకమీదట’ అని చదువుకొనవలెను. సంఖ్య యనునది ఇకమీదట మునుపటికంటె ఒకటి ఎక్కువ. ఒక్కొక్క చుట్టునకు తాడు ఒక్కొక్క మూర వచ్చును. పదునొకండు కాగానే షరతు తప్పి లూపు ఆగును. ఈ మారు ఎక్కము నూటడెబ్బదివరకు వచ్చి బుద్ధిగా నిలిచినది.

ఇట్టి పొరపాటు నావంటి క్రొత్తవారికే వచ్చునని తలపవలదు. 2008 డిసెంబరు 31వ తేదీన మైక్రోసాఫ్ట్ వారి జూన్ అను పాటల పెట్టెలలో ఒక రకము ఒక్కనాడే పలుచోట్ల నిలిచిపోయెను. అందలి గడియారము, గడచిన దినముల మొత్తమునుండి ఒక్కొక్క సంవత్సరపు దినములను తీసివేయుచు, నేటి సంవత్సరమేదో కనుగొనును. 365 కంటె ఎక్కువ దినములు మిగిలినంతవరకు తిరుగుమని లూపు. ఆ యేడు లీపు సంవత్సరము. ఆ దినము 366వది. 365 కంటె ఎక్కువయే గనుక లూపు విడువదు. లీపు సంవత్సరమును తీసివేయుటకు 366 కంటె ఎక్కువ కావలెను గనుక తీసివేయదు. తీసివేయక, విడువక, అది తిరుగుచునే యుండెను. బ్యాటరీని పూర్తిగా అయిపోనిచ్చి, గ్రీనిచ్ కాలమానము ప్రకారము మఱునాడు మధ్యాహ్నము దాటిన పిమ్మట మరల నడుపుకొనుడని కంపెనీవారు చెప్పిరి.

తరువాత జరిగిన తలిదండ్రుల సమావేశమున నేను ఈ పదునేడుల కథను నవ్వుచు చెప్పితిని. ఉక్కునగరమునుండి వచ్చిన ఒక తండ్రి నవ్వలేదు. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితము చేసిన ఆ ఉక్కు కర్మాగారమున తీగచుట్టలు తీయు మిల్లు కలదు. ఎఱ్ఱగా కాలిన ఉక్కుదిమ్మెను రోలర్ల జంటలనడుమ దూర్చి నొక్కుదురు. దాని తరువాతి జంటలో మరల నొక్కుదురు. పని యొక్కటే గాని ముందునకు పోయినకొలది సందు చిన్నదగును. “సందు తగ్గించకుండా వందసార్లు దూర్చినా అది తీగ కాదండి మాష్టారూ, దిమ్మె దిమ్మెలాగే ఉంటుంది” అని ఆయన చెప్పెను.

ఆ రాత్రి నాకు నిదుర సరిగా పట్టలేదు. అంతకుముందు సంవత్సరము ఇట్టి సమావేశమునకే ఆ జాలరిపేట బాలుని తల్లి, చేపల బేరము ముగించుకొని ఆయాసపడుచు వచ్చి, “అర్ధరాత్రి దాకా రాస్తాడు బాబూ, మరెందుకు రాదు?” అని నన్ను అడిగియుండెను. “ఇంకను వ్రాయింపుడమ్మా” అని నేను సెలవిచ్చితిని. ఆ మాట ఇప్పుడు గుర్తునకు వచ్చినది.

మఱునాడు వానిచేత పాత ఎక్కముల పుస్తకమును తెప్పించితిని. పదునేడవ ఎక్కము ఇరువది మారులు, ముత్యములవంటి అక్షరములతో వ్రాసియున్నది. పదునేడైదులు 85. పదునేడాఱులు 112. పదునేడేడులు 119. పుట త్రిప్పితిని. అచటను 112. ఇరువది చోట్లను 102కు మారుగా 112 యే. ప్రతి పుట క్రిందను నా యెఱ్ఱసిరా సంతకము. నేను వానిని సరిచూడలేదు, లెక్కించితిని. ఇరువది యున్నవా? ఉన్నవి. నా పని ముగిసినది. పిమ్మట పరీక్షలో వాడు 112 అని వ్రాయగా మార్కులు కొట్టివేసి, మరల ఇరువది మారులు వ్రాసికొని రమ్మంటిని. వాడు మరల తెచ్చెను. నేను మరల సంతకము చేసితిని. వాడు లాగుచునే యుండెను. అడుగున ఏమి పట్టినదో చూడవలసినవాడను నేను.

తప్పు నీది కాదు, నాదియే యని వానితో చెప్పితిని. వాడు తల వంచుకొని “పర్లేదండి” అనెను. పిల్లలు పెద్దలను క్షమించుటయందు చూపు తొందఱ చూచినప్పుడు నాకు సంతోషముకంటె భయమే ఎక్కువ కలుగును. ఆ వారము వాని తల్లికిని కబురు పంపి, నేను మునుపు చెప్పినది సరికాదని తెలియజేసితిని. అది మొదలు నేను ఎవరిచేతను ఎక్కములు ఇరువది మారులు వ్రాయించుట లేదు. దీనిని గూర్చి మా ఉపాధ్యాయుల గదిలో ఇంకను వాదము నడుచుచున్నది. వ్రాసిననే చేతికి పట్టుబడునని వాదించు మిత్రులు ఉన్నారు, వారి మాటలోను కొంత నిజము లేకపోలేదు.

సంక్రాంతి సెలవులు ముగిసినపిమ్మట ఆ బాలుడు తాను స్వయముగా వ్రాసినది చూపుటకు నన్ను కంప్యూటరు గదికి పిలిచెను. తెర ఏదో యొక ఎక్కమునుండి ప్రశ్న అడుగును. సరియైన జవాబు వచ్చువరకు విడువదు. అది వైల్ లూపే. కాని తప్పు చెప్పినప్పుడెల్ల అదే ప్రశ్నను అదే మాటలలో అడుగక, దానికి ముందరి మెట్టును చూపునట్లు వాడు రెండు వరుసలు అదనముగా చేర్చినాడు. ఆ రెండు వరుసలకు వానికి నాలుగు దినములు పట్టినవట.

నన్ను కూర్చుండుమనెను. పదునేడాఱులు ఎంత యని తెర అడిగినది. నేను వాని ముఖము చూచి, కావలెననియే 112 అని కొట్టితిని. తెరమీద ఒక వరుస వచ్చినది:

“85కి 17 కలిపి చూడండి మాష్టారూ.”

నేను వ్రేళ్లు మడిచి కూడుచుండగా, వాడు నా కుర్చీ వెనుక నిలుచుండి నవ్వు ఆపుకొనలేకపోయెను.