ఆఫీసు ఫోను వెనకాల మేము



పెద్దపల్లి హాస్టల్లో ఒకే గదిలో ట్రంకుపెట్టెలు పెట్టుకొని చదువుకున్న మేం ముగ్గురం ఇప్పుడు నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్లం. "అంటే ఏం పని అన్నా?" అని తమ్ముళ్లు అడుగుతుంటారు. మా ఇండ్లల్లో అయితే కంప్యూటర్లు బాగు చేస్తారని చెప్పుకుంటారు. అది కొంతవరకే నిజం. అందుకే మా పనిలో ఎవరికీ కనబడని ఒక ముక్క ఇక్కడ రాస్తున్నాం. అది ఆఫీసు టేబుల్ మీది ఐపీ ఫోను సంగతి.

చూడటానికి మామూలు ఫోనే. లోపల మాత్రం అదొక చిన్న కంప్యూటర్. ఒక్క కేబుల్‌లోనే కరెంటూ వస్తుంది, మాటా వస్తుంది. కేబుల్ తగిలించగానే ఫోను డీహెచ్‌సీపీ సర్వర్‌ను అడ్రసు అడుగుతుంది. సెట్టింగుల ఫైలు ఎక్కడుందో ఆప్షన్ 66 ద్వారా తెలుసుకుంటుంది. ఆ తర్వాత 5060 పోర్టులో సిప్ సర్వర్ దగ్గర నమోదవుతుంది. కొత్తగా చేరిన పిల్లవాడికి గది చూపించి, కంచం ఇచ్చి, హాజరుపట్టీలో పేరెక్కించినట్లే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చడం, టైము +5:30 పెట్టడం వంటివి ఎవరైనా వారంలో నేర్చుకుంటారు.

మేం ఎక్కువసేపు కూర్చునేది డయల్ ప్లాన్ దగ్గర. చాలా ఆఫీసుల్లో బయటికి ఫోన్ చేయాలంటే ముందు సున్నా నొక్కాలి. గుండె పట్టుకొని పడిపోయిన మనిషి పక్కన నిలబడ్డవాడికి ఆ సున్నా గుర్తుంటుందా? అందుకే 108 నేరుగా పోయేటట్లు పెడతాం. ఇంకో చిక్కుంది. ఎక్స్‌టెన్షన్లు 1081, 1082 అని ఉంటే, 108 నొక్కగానే ఫోను ఇంకో అంకె వస్తుందేమోనని కొన్ని సెకన్లు ఆగుతుంది. 100, 101, 108, 112 అన్నీ ఒకటితోనే మొదలవుతాయి. కాబట్టి మా ఎక్స్‌టెన్షన్లేవీ ఒకటితో మొదలుకావు.

రెండోది కరెంటు. హాస్టల్లో కరెంటు పోయి కందిళ్ల ముందు చదువుకున్న రాత్రుల్లో కూడా వార్డెన్ సారు గదిలో ల్యాండ్‌లైన్ మోగేది. దానికి టెలిఫోన్ ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టులు వచ్చేవి. ఐపీ ఫోను అట్లా కాదు. స్విచ్ ఆగితే ఫోన్లన్నీ ఒక్కసారే మూగపోతాయి. స్విచ్‌కు యూపీఎస్ కావాలని ఒక ఆఫీసులో అడిగితే, "అందరి దగ్గరా సెల్లుంది కదా" అన్నారు.

ఖనిలో పెరిగినవాళ్లకు ఆ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు. మా నాన్నలు దిగిన బాయిల్లోకి సెల్లు తీసుకపోనివ్వరు. మీథేన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. కింది నుంచి పైకి కబురు రావాలంటే తీగ ఫోన్లే ఆధారం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. నాన్న షిఫ్టులో ఉండగా ఫోన్ మోగితే ఇంట్లో అమ్మ ఎట్లా లేచేదో ఈ సంచిక చదివే చాలామందికి తెలుసు. యూపీఎస్ కోసం మూడుసార్లు ఉత్తరం రాశాం. నాలుగోసారి ఇచ్చారు.

బ్రాంచీలుంటే అక్కడి 108 కాల్ అక్కడి లైన్ మీదనే బయటికి పోవాలి. ప్రతి ఫోనుకూ ఒక చీటీ కూడా అంటిస్తాం: ఊరు, వీధి, ఎన్నో అంతస్తు, దగ్గర్లో ఏ గుడి, ఏ బస్టాపు. అంబులెన్సు వాళ్లు మొదట అడిగేది అదే. చీటీ అందంగా లేదని ఒక మేనేజరు పీకించారు. మర్నాడు రిసీవరు కింద, కనబడీ కనబడకుండా అంటించాం.