మంచు సముద్రం చూసి వచ్చాము

యానాంలో మా అమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీరెల మడతల మధ్య, ఒక బొమ్మకార్డు ఉన్నది. 1971లో మా మావయ్య ఫ్రాన్సు నుంచి వేసినది. రెండు కొండల నడుమ తెల్లని మంచు, అలలు లేచి లేచి ఒక్కసారిగా గడ్డకట్టినట్లు ఉంటుంది ఆ బొమ్మ. వెనుక మావయ్య చేతిరాత: "చెల్లీ, దీన్ని ఇక్కడివాళ్లు మంచు సముద్రం అంటారు. నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే నిన్ను తీసుకువచ్చి చూపిస్తాను."

ఆ నాలుగు డబ్బులు ఆడటానికి 52 ఏళ్లు పట్టినది.

మావయ్య ఫ్రాన్సు ఎందుకు వెళ్లాడన్నది యానాం చదువరులకు చెప్పనక్కరలేదు. బరంపురం, షోలాపురం చదువరుల కోసం రెండు మాటలు. 1954లో మా ఊరు ఫ్రెంచివారి ఏలుబడి నుంచి బయటపడినది. 1962లో ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు, ఇష్టమైనవారు ఆరు మాసాలలోగా ఫ్రెంచి పౌరసత్వం కోరుకోవచ్చునన్నారు. అప్పటికి 19 ఏళ్ల మావయ్య కోరుకున్నాడు. సైన్యంలో చేరాడు, విశ్రాంతి పుచ్చుకున్నాక గ్రెనోబుల్ పట్నంలో స్థిరపడ్డాడు. ఆయనకు ఎనభై నిండినవి, అమ్మకు డెబ్భై అయిదు. "ఇప్పుడైనా రాకపోతే ఇంకెప్పుడే" అని ఫోనులో ఆయన గొంతు వణికితే, మేము ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి, 2023 జూన్‌లో అమ్మతోనూ మా అబ్బాయితోనూ బయలుదేరాము.

గ్రెనోబుల్ నుంచి మావయ్యను వెంటబెట్టుకొని రైలులో ల ఫాయె అనే స్టేషనుకు చేరి, అక్కడ చిన్న ఎర్రబండి ఎక్కాము. అది కొండ అంచులు పట్టుకొని షామోనీ లోయలోకి పాకుతుంది. మేము బస చేసినది లే బొస్సోఁ అనే పల్లె. వాలు కప్పుల చెక్క ఇళ్లు, కిటికీల కింద పూలతొట్లు, ఇంటి వెనుకనే ఆకాశాన్ని సగం కమ్మేసిన మోఁ బ్లాఁ, అనగా తెల్లకొండ. బస చేసినవారికి ఒక అతిథి కార్డు ఇస్తారు. అది చూపితే లోయలోని బస్సులూ ఎర్రబండీ ఉచితం. నెల జీతగాళ్లము గనుక ఆ కార్డును పాస్‌పోర్టుకన్న భద్రంగా దాచుకున్నాము.

షామోనీ ఇప్పుడు పల్లె అనిపించుకోదు. 1924లో మొదటి శీతకాలపు ఒలింపిక్సు జరిగినది అక్కడే. బజారు నడుమ ఒక విగ్రహం ఉన్నది. బల్మా అనే కొండవాడు, సొస్సూర్ అనే జెనీవా పండితునికి శిఖరం చూపిస్తుంటాడు. తెల్లకొండ ఎక్కే దారి కనిపెట్టినవారికి బహుమానమిస్తానని 1760లో ఆ పండితుడు ప్రకటించగా, 1786 ఆగస్టు 8న బల్మా ఎక్కాడు. అయితే అతని వెంట పక్కార్ అనే ఊరి వైద్యుడు కూడా శిఖరం చేరాడు! బల్మా విగ్రహం 1887లో నిలిచినది. వైద్యునికి మాత్రం 1986 దాకా విగ్రహం లేదు. పని ఇద్దరిదీ, పేరు ఒకరిదీ కావడం మా ఆఫీసులోనే అనుకున్నాము.

పెద్దవారికి అనువైన చోటు గయ్యాఁ చెరువు. నీళ్లలో తెల్లకొండ నీడ పడుతుంది. పక్కనే నిలువు బండకు పిల్లలూ తల్లులూ తాళ్లు కట్టుకొని బల్లులవలె పాకుతుంటారు. పైన గాలిగొడుగులు రంగురంగుల పతంగుల్లా తిరుగుతుంటవి. అమ్మ, మావయ్య బెంచీ మీద కూర్చుని యానాంలో పోయినవారి పేర్లు లెక్కపెట్టుకుంటుంటే, మేము మిగతా చోట్లు చుట్టివచ్చాము.

వాటిలో మొదటిది ఏగ్వీ ద్యు మిది. మధ్యాహ్నపు సూది అని అర్థం. ఊళ్లోనుంచి చూస్తే మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాని నెత్తిన నిలుస్తాడట. 1955 నుంచి అక్కడికి తీగబండి నడుస్తున్నది. 1035 మీటర్ల ఎత్తున ఎక్కినవాళ్లము, నడుమ ఒక్కసారి బండి మారి, 3777 మీటర్ల వద్ద దిగాము. టిక్కెట్టు ధర చూసినప్పుడు సగం ఆగిన ఊపిరి, పైన నాలుగు మెట్లు ఎక్కేసరికి తక్కిన సగమూ ఆగినది. గుండె జబ్బులవారు, పెద్దలు వైద్యుణ్ణి అడగనిదే వెళ్లరాదు. ఎదుట కనిపించే తెల్లకొండకూ నిలకడ లేదు. 2021లో 4807.81 మీటర్లుగా కొలిచినది 2023 సెప్టెంబరుకు 4805.59 అయినది. నెత్తిమీది మంచు ఏటేటా హెచ్చుతగ్గులవుతుంది మరి.

మా పల్లె మీదికే దిగివచ్చే బొస్సోఁ మంచునదికి మన దేశంతో సంబంధమున్నది. 1950 నవంబరు 3న ఎయిరిండియావారి 'మలబార్ ప్రిన్సెస్' విమానం ఈ కొండను ఢీకొని 48 మంది పోయారు. 1966 జనవరి 24న 'కాంచనగంగ' విమానమూ ఇక్కడనే కూలినది. పోయిన 117 మందిలో హోమీ భాభా గారున్నారు. మంచు ఆ శకలాలను మింగి, ఏళ్ల తరబడి మోసుకొచ్చి, కింద మెల్లగా కక్కుతున్నది. 2012లో మన ప్రభుత్వపు దౌత్య టపా సంచీ బయటపడినది. 2020లో, ఇందిరాగాంధీ ప్రధాని కానున్నారన్న వార్తలతో 1966 జనవరి నాటి మన పత్రికలు దొరికినవి. అడవిదారిన కొంత దూరం నడిచి, మంచునది కనిపించే చోట నిలబడ్డాము. బసకు వచ్చి చెబితే, అమ్మ కిటికీలోనుంచే ఆ వైపు తిరిగి చేతులు జోడించినది. ఉత్తరాలు కూడా ఉండి ఉంటాయి పాపం, అన్నది.

తిండి మాట క్లుప్తంగా. అక్కడి జున్నుగడ్డల వాసనకు అమ్మ ముక్కు మూసుకున్నది. అమ్మ తెచ్చిన ఆవకాయను మావయ్య రొట్టెముక్కకు రాసుకొని కళ్లు తుడుచుకున్నాడు. కారమేనన్నాడు.

చివరి రోజున మంచు సముద్రం. షామోనీ నుంచి మోఁతాఁవేర్‌కు 1909 నాటి రైలు. పట్టాల నడుమ పళ్లదారి ఉండటంచేత మన నీలగిరి రైలుకు దాయాది. ఇరవై నిమిషాలలో 1913 మీటర్ల ఎత్తున దించినది. అమ్మ కమ్మీ పట్టుకొని కిందికి చూసినది. సంచీలోనుంచి బొమ్మకార్డు తీసి ఎత్తి పట్టుకున్నది. కొండలు సరిపోయినవి. నడుమ మంచే లేదు. ఎంతో లోతున బూడిదరంగు రాళ్లూ, మట్టీ.

"అన్నయ్యా, ఇదేమిటి, వేసవిలో గౌతమి ఇసుకతిప్పలా ఉన్నది?"

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రాళ్ల కిందే ఉన్నదే అమ్మడూ," అన్నాడు చివరకు.

వారిద్దరినీ పైన కూర్చోబెట్టి మేము కిందికి దిగాము. తొట్టిబండి దిగాక ఇనుప మెట్లు, 500కు పైబడి. 1988లో ఆ తొట్టిబండి పెట్టిననాడు మంచును తాకటానికి మూడే మెట్లు ఉండేవట. దారిలో బండలకు పలకలు కొట్టారు, ఏ ఏట మంచు అంతవరకు ఉండేదో తెలిసేలా. 1985 పలక వద్ద నిలబడ్డాము. మేము ఒకటో తరగతిలో చేరిన ఏడు అది. మంచు ఇంకా మా కాళ్లకింద ఎక్కడో ఉన్నది. ఎన్నో మెట్లు దిగితే 2010 వచ్చినది. అది మా అబ్బాయి పుట్టిన ఏడు. వాడు పలకమీద చేయివేసి కిందికి తొంగి చూశాడు. "నాన్నా, నేను పుట్టినప్పుడు ఇక్కడిదాకా ఉందా?" అని మరి మాట్లాడలేదు. అడుగున, ఏటేటా కొత్తగా తొలిచే నీలిమంచు గుహలో గోడను తాకి, చల్లబడిన చేతులతో పైకి ఎక్కాము. 2024 నుంచి కొత్త తొట్టిబండి ఎగువన మంచుకు దగ్గరగా దించుతున్నది కనుక, ఇకమీద వెళ్లేవారికి ఆ మెట్ల శ్రమ తక్కువ.

మేము పైకి వచ్చేసరికి అమ్మ, మావయ్య దుకాణం ముందు ఉన్నారు. అక్కడ అమ్మే కార్డులలో మంచు ఇంకా తెల్లగానే ఉన్నది. అమ్మ ఒక్కటీ ముట్టలేదు. "ఆలస్యం చేశావన్నయ్యా," అన్నది, కోపం లేకుండానే. మావయ్య తలవంచుకొని ఒక కార్డు కొని, మా కలం అడిగి తీసుకొని, దూరంగా బల్లమీద కూర్చుని రాశాడు. ఏమి రాశాడో చూపలేదు. బిళ్ల అంటించి డబ్బాలో వేశాడు.

మేము యానాం చేరిన పద్దెనిమిదో రోజున అది వచ్చినది. తెలుగు రాసి ఎన్నాళ్లయినదో, ఒత్తులు సగం లేవు. "చెల్లీ, నువు వచావు. ఇదరం కలిసి చూశాము."

అమ్మ దాన్ని పాతకార్డు పక్కన పెట్టి పెట్టె మూసినది.