షవ్వాల్‌కు ముందు ఐదు రోజులు

మా పెద్దమ్మాయి నికాహ్ షవ్వాల్ నెలలో జరపాలని నిశ్చయమైంది. పెళ్ళయిన రెండు నెలలకు ఆమె భర్తతో కలిసి దమ్మామ్ వెళ్ళిపోతుంది. ఈ మాట ఖాయమైన నాటి నుండి మా ఇంట్లో ఒక లెక్క మొదలైంది. డబ్బు లెక్క కాదు, రోజుల లెక్క. ఆ పిల్ల ఇంకెన్ని రోజులు ఈ ఇంట్లో తిరుగుతుందన్నది ఎవరూ పైకి అనరు, కానీ అందరూ లెక్కపెట్టుకుంటూనే ఉంటారు. మేము ఆరుగురం: మేమిద్దరం, ముగ్గురు పిల్లలు, వారి దాదీ. పిల్లల పిలుపే మాకూ అలవాటై ఆమెను మేము కూడా దాదీ అనే పిలుస్తాము. ఈ ఆరుగురం కలిసి గుంటూరు దాటిన సందర్భాలను గుర్తు చేసుకుంటే అన్నీ పెళ్ళిళ్ళు, జనాజాలే. తీరికగా కలిసి కూర్చోవడానికని మేము ఏనాడూ ఎక్కడికీ వెళ్ళలేదు.

రమజాను మాసం రాకముందే, జనవరి చివరి వారంలో ఐదు రోజులు ఎక్కడికైనా వెళ్దామన్న ఆలోచన అలా పుట్టింది. ఎక్కడికి అని అడిగితే పిల్లలు ముగ్గురూ ఒకే మాట అన్నారు: దీవికి. వాళ్ళు చూసిన సముద్రం సూర్యలంకలోనిదే. ఆదివారం నాడు వెళ్ళి, జనసమ్మర్దంలో ఒకరి చేయి ఒకరు వదలకుండా నిలబడి, పాదాలు తడుపుకొని తిరిగివచ్చిన సముద్రం అది. అడుగున ఇసుక కనిపించేటంత తేట నీటిని ఒక్కసారి చూడాలని వాళ్ళ కోరిక.

కోరిక చిన్నదే, ఖర్చు మాత్రం చిన్నది కాదు. రైలు, విమానం, పడవ, బస, భోజనం అన్నీ కలిపితే ఆరుగురికి లక్షన్నర రూపాయలకు తగ్గదని తేలింది. అదే వారంలో షాదీఖానా వేదిక అలంకరణకు, డ్రోన్‌తో తీసే వీడియోకు, వధువు నడిచి వచ్చేటప్పుడు పొగమంచు కురిపించే యంత్రానికి కలిపి ఒకాయన మా చేతికి ఒక అంచనా కాగితం ఇచ్చి వెళ్ళాడు. అందులోని మొత్తం 1,65,000 రూపాయలు. రెండు కాగితాలూ ఒకే బల్లపై పక్కపక్కన పడ్డాయి. రెండూ భరించే శక్తి మాకు లేదు. అప్పు చేయకూడదన్నది ఈ ఇంటి నియమం.

పిల్లల ఫుప్పీకి సంగతి తెలిసి ఇంటికి వచ్చింది. "ఇంట్లో పెళ్ళి పెట్టుకొని షికారేమిటి? వియ్యాలవారు ఏమనుకుంటారు? అంత సొమ్ముంటే అమ్మీని ఉమ్రాకు తీసుకువెళ్ళకూడదా?" అని నిలదీసింది. చివరి ప్రశ్న మమ్మల్ని నిజంగా తడబరచింది. దానికి మా వద్ద సిద్ధంగా సమాధానం లేదు. జవాబు దాదీయే చెప్పారు: "ఉమ్రాకు దీన్ని దమ్మామ్ వెళ్ళనీ, ఇన్షా అల్లాహ్ నేనూ నా మనుమరాలూ కలిసే చేస్తాం. అక్కడికి వెళ్ళే దారి ఉంది. ఈ ఆరుగురం ఒకచోట ఉండే దారి మాత్రం రేపు ఉండదు బేటా."

దుబారా గురించి మేమూ ఆలోచించకపోలేదు. భూమిపై సంచరించి చూడమని దివ్యఖుర్ఆన్ చెప్పిన మాటను విహారయాత్రకు అనుమతిపత్రంలా చూపేవారు కొందరున్నారు. ఆ పిలుపు గుణపాఠం నేర్చుకోవడానికి గాని సముద్రస్నానానికి కాదని మా అభిప్రాయం. కనుక ఈ ప్రయాణానికి పుణ్యకార్యమనే ముసుగు తొడగము. ఇది సెలవు, అంతే. ధర్మసమ్మతమైన సెలవుగా ఉంటే చాలు. మూడు గంటల అలంకరణకు పోసే డబ్బును ఐదు రోజుల సాంగత్యానికి మళ్ళించడం దుబారా అవుతుందని మాత్రం మాకు అనిపించలేదు.

అయితే అలంకరణ మాది కాదు, పెద్దమ్మాయిది. స్నేహితురాళ్ళందరి పెళ్ళిళ్ళలో ఉన్నది తన పెళ్ళిలో లేకపోతే ఆ లోటు అనుభవించేది ఆమె. అందుకని ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, మొహమాటం లేకుండా చెప్పమన్నాము. చాలాసేపు గోరింటాకు రంగు పోయిన గోళ్ళను చూసుకుంటూ కూర్చుంది. "వేదిక కావాలని నాకూ ఉంది. లేదని అబద్ధం చెప్పను. కానీ వేదికపై నేను ఒక్కదాన్నే కూర్చుంటాను కదా" అంది. ఒక షరతు కూడా పెట్టింది: పొగమంచు యంత్రం వద్దు గాని మల్లెపూలు మాత్రం నిండుగా ఉండాలి. ఒప్పుకున్నాము.

ఇక ఏ దీవి అన్న ప్రశ్న. అబ్బాయి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, వాడి ఓటు మాల్దీవులకు. భారతీయులకు అక్కడ దిగగానే వీసా ఇస్తారన్నది వాడి వాదన. వీసా ఇస్తారు నిజమే, పాస్‌పోర్టు ఉండాలి కదా. దాదీకి లేదు. పైగా వాడు చూపిన చిత్రాలలోని నీటి మీది కుటీరాల అద్దె విన్నాక ఆ ప్రస్తావన దానంతటదే ముగిసింది.

పిల్లల మామూ లక్షద్వీప్ అన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 96 మందికి పైగా ముస్లిములే. తినేదాని గురించి, నమాజు గురించి బెంగ ఉండదు. మాకూ మనసు అటే లాగింది. కానీ ఆ దీవులకు వెళ్ళాలంటే మన దేశస్థులమైనా ముందుగా అనుమతి తీసుకోవాలి. కొచ్చి నుండి వెళ్ళే ఓడలు చాలాచోట్ల పగడపు దిబ్బల వెలుపలే ఆగుతాయి. అక్కడి నుండి చిన్న పడవలోకి, అలల మీద ఊగుతూ, దిగాలి. దాదీకి 71 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. "మన వాళ్ళున్న దీవి సరే, నా మోకాళ్ళు దిగగలిగే దీవి ఏదో చూడండి" అన్నారామె.

అలా అండమాన్ మిగిలింది. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు చెన్నై నుండి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. సాధారణ పర్యాటక ప్రాంతాలకు మన దేశస్థులకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. విశాఖపట్నం నుండి ఓడ ఉందని అబ్బాయి మళ్ళీ ఉత్సాహపడ్డాడు. పోవడానికే రెండు రోజులు దాటుతుంది. ఐదు రోజుల సెలవులో అది కుదరదని వాడికి కాగితం మీద లెక్క వేసి చూపవలసి వచ్చింది. అక్కడి జనాభాలో దాదాపు 13 శాతం మాతృభాష తెలుగు అని, శ్రీకాకుళం తీరం నుండి వెళ్ళి స్థిరపడినవారు ఎందరో ఉన్నారని తెలిసినప్పుడు దాదీ ముఖంలో మొదటిసారి ధైర్యం కనిపించింది. హలాల్ భోజనం విషయంలోనూ మా బెంగ తీరింది. 1921 మలబారు తిరుగుబాటు తరువాత బ్రిటిషువారు మాప్పిళ్ళ ముస్లిములు ఎందరినో అక్కడికి పంపారు. తరువాత వారి కుటుంబాలు కూడా వెళ్ళి స్థిరపడ్డాయి. దక్షిణ అండమాన్‌లో మంజేరి, తిరూర్, కాలికట్ అనే ఊళ్ళున్నాయి. విడిచి వచ్చిన ఊళ్ళ పేర్లనే అడవి కొట్టి కట్టుకున్న ఊళ్ళకు పెట్టుకున్నారు. దమ్మామ్ వెళ్ళబోయే పిల్ల ఈ మాట విని చాలాసేపు మౌనంగా ఉంది.

ప్రణాళికలో మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది సూర్యుడు. గుంటూరుకూ ఆ దీవులకూ గడియారంలో ఒక్క నిమిషం తేడా లేదు. కానీ అవి మనకు ఎంతో తూర్పున ఉన్నందువల్ల పొద్దు దాదాపు 50 నిమిషాలు ముందుగా నడుస్తుంది. జనవరి చివరలో అక్కడ సూర్యోదయం 5 గంటల 45 నిమిషాల ప్రాంతంలో, సూర్యాస్తమయం 5 గంటల 20 నిమిషాల ప్రాంతంలో. పదకొండున్నర దాటితే జుహ్ర్ వేళ వచ్చేస్తుంది. ఇది తెలియక మొదట వేసిన పట్టికలో మధ్యాహ్నం నాలుగు గంటలకు తీరానికి వెళ్ళడం, ఏడింటికి తిరిగి రావడం అని వ్రాసి ఉంది. అంటే మగ్రిబ్ వేళ దాటిన గంటన్నరకు గాని బసకు చేరము. పట్టిక మొత్తం ఒక గంట ముందుకు జరిపాము. ప్రయాణికులం కనుక నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు రెండుగా చేసుకోవచ్చు. హనఫీ పద్ధతి పాటించే ఇల్లు కావడంతో రెండు వేళలను కలపడం మా వద్ద లేదు. అందువల్ల పడవ ఎక్కే సమయాలను జుహ్ర్, అస్ర్‌లకు అడ్డు రాకుండా ఎంచుకున్నాము. ఖిబ్లా దిక్కు పెద్దగా మారదు. ఇక్కడిలాగే పడమరకు కొంచెం ఉత్తరంగా.

సూర్యుడు తొందరపడటంలో ఒక మేలు కూడా ఉంది. మా ఆడవాళ్ళు నీళ్ళలో దిగాలంటే చుట్టూ జనం ఉండకూడదు. ఫజ్ర్ కాగానే బయలుదేరితే, మిగతా యాత్రికులు ఇంకా నిద్రలో ఉండగానే, తూర్పు తీరం వెలుగుతో నిండి ఖాళీగా ఉంటుంది. స్వరాజ్ ద్వీప్‌లో (పూర్వం హేవలాక్) అలాంటి తూర్పు తీరాన్ని ఎంచుకున్నాము. పేరు విజయనగర్. "మన విజయనగరమా?" అని దాదీ రెండుసార్లు అడిగారు.

రెండో దీవిని, మూడో దీవిని ఒక్కొక్కటిగా కొట్టివేశాము. పడవ ఎక్కి దిగిన ప్రతిసారీ దాదీ మోకాళ్ళ మీద ఒక పరీక్ష. మూడు దీవులు చూసి మూడింటిలోనూ ఆమెను గదిలో వదిలి తిరగడం కన్నా, ఒక్క దీవిలో ఆమె పక్కన కూర్చోవడం మేలు కదా. సున్నపురాతి గుహలున్న బారాటాంగ్‌ను కొట్టివేయడానికి కారణం వేరు. ఆ దారి జరావా తెగ వారి అభయారణ్యం గుండా పోతుంది. వాహనాలను వరుసకట్టి పంపుతారు, ఆగకూడదు, ఫొటోలు తీయడం నేరం. అయినా ఆ దారిన పోయేవారిలో చాలామంది చూపు గుహల కోసం కాదు, చెట్ల మధ్య కనిపించే మనుషుల కోసం. మా అబ్బాయి కూడా ఆశపడ్డాడు. వాళ్ళ వాకిట్లో నుండి కారులో పోతూ వాళ్ళను చూసి రావడం మర్యాద కాదని చెప్పాము. మన ఇంటి ముందు ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా అని వాడి చెల్లెలే వాడిని అడిగింది. ఎనిమిదేళ్ళ పిల్ల.

సెల్యులర్ జైలును మాత్రం ఎవరూ కొట్టివేయలేదు. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా కోఠీ బస్సు నిలయం దగ్గర తుర్రేబాజ్ ఖాన్ స్మారకం పక్క నుండే నడిచాము. 1857 జూలై 17న ఆయనతో కలిసి బ్రిటిషు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారని, తిరిగి రాలేదని పిల్లలకు చెప్పాము. ఆయన ఆ జైలు గదుల్లోనే ఉన్నారని అనుకునేవారు చాలామంది. అది సరికాదు. ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. 1858లో తొలి ఖైదీలు దిగినప్పుడు అక్కడ గోడలు లేవు. అడవి, సముద్రమే గోడలు. 1857 వృత్తాంతాన్ని ఆ ప్రవాసంలోనే అరబీలో వ్రాసిన అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1861లో అక్కడే మరణించారు. ఆయన సమాధి కూడా అక్కడే ఉంది. మేము సెలవు కోసం వెళ్తున్న చోటికే వారిని శిక్షగా పంపారు. తేట నీరు, తెల్లని ఇసుక అప్పుడూ ఉన్నాయి. ఒక పూట వారి కోసం కేటాయించకుండా నేరుగా తీరానికి పోవడం మాకు ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు పట్టిక ఇలా ఉంది. బుధవారం రాత్రి చెన్నై రైలు. గురువారం విమానం, ఆ సాయంత్రం విశ్రాంతి. శుక్రవారం ఉదయం జైలు, ఆపై జుమా. ప్రయాణికులకు జుమా విధి కాకపోయినా పట్నంలోనే ఉంటాము కనుక మగవాళ్ళం వెళ్తాము. శనివారం ఉదయం పడవలో స్వరాజ్ ద్వీప్. సోమవారం తిరిగి పట్నం, మంగళవారం ఇంటి దారి. టికెట్లు తీసుకున్నాము. తీరంలో దొరికే పగడపు ముక్కలు తేకూడదన్నది చట్టం కాబట్టి గవ్వల సంచి పట్టుకు రావద్దని చిన్నదానికి ఇప్పటికే నచ్చజెప్పాము. దాదీ ఎండ్రొయ్యల పొడి, గోంగూర పచ్చడి ఏ డబ్బాలో పెట్టాలో చూసుకుంటున్నారు. దీవికి రొయ్యలు మోసుకుపోవడమేమిటని అబ్బాయి నవ్వుతున్నాడు. ఫుప్పీ మొన్న మళ్ళీ వచ్చింది. కోపం పూర్తిగా తగ్గలేదు గాని, దాదీకి మోకాళ్ళ పట్టీల జత ఒకటి కొని తెచ్చి ఇచ్చింది.

ఆదివారం గడి ఖాళీగా ఉంది. ఏనుగుల తీరం అని అబ్బాయి పెన్సిల్‌తో ఒకసారి వ్రాశాడు. పెద్దమ్మాయి దానిని చెరిపేసింది.